నరం దొరకనప్పుడు: బిడ్డ ప్రాణం నిలిపే మిగతా దారులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మేము వైద్యులం కాము, బడిపంతుళ్లం. మందుల చీటీ రాయడం మా పని కాదు. తెలిసిన విషయాన్ని నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడమే మా వృత్తి. పిల్లల వైద్య గ్రంథాల్లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనూ చాలాకాలంగా ఉన్నా మన ఇళ్లలోకి ఇంకా సరిగా రాని ఒక విషయాన్ని ఈరోజు మీ ముందు పెట్టదలచాం. ఒంట్లో నీరు పోయి బిడ్డ షాక్‌లోకి జారుతున్నప్పుడు ద్రవం లోపలికి పంపడానికి చేతి నరం ఒక్కటే దారి కాదు. నోరు ఒక దారి, ముక్కు గొట్టం ఒక దారి, ఎముక ఒక దారి. ఏ దారి ఎప్పుడు పనికొస్తుందో ఆసుపత్రివాళ్లకు మాత్రమే తెలిస్తే సరిపోదు. మొదటి దారి మన వంటింట్లోనే ఉంది. చివరి దారి దగ్గర 'సరే' అనాల్సింది కూడా మనమే.

ముందుగా షాక్ అంటే ఏమిటో చూద్దాం. ఆ మాట వినగానే మనకు కరెంటు షాకో, చెడు వార్త విని కుప్పకూలిపోవడమో గుర్తొస్తుంది. వైద్యులు చెప్పే షాక్ వేరు. రక్తప్రసరణ చాలక మెదడుకు, మూత్రపిండాలకు, ఇతర అవయవాలకు ప్రాణవాయువు అందని స్థితి అది. పిల్లల్లో దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి వాంతులు, విరేచనాలతో నీరు పోవడం. పిల్లల ఒంట్లో రక్తం కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్లు ఉంటుంది. పది కిలోల బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా లీటరు సీసా నిండదు. అలాంటి బిడ్డకు ఒక లీటరు నీరు పోయిందంటే శరీరం బరువులో పదోవంతు పోయినట్టే. పెద్దవాళ్లం తట్టుకునే విరేచనాలు పసిబిడ్డను పూటలోనే కుంగదీయడానికి కారణం ఈ లెక్కే.

గుర్తులు ఏమిటి? చేతులు చల్లబడతాయి. గోటి మీద నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి మళ్లీ రంగు రావడానికి మూడు సెకన్లకు మించి పడుతుంది. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే షాక్‌గా భావించి వెంటనే చికిత్స మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాడి సంగతి మనకు తెలియకపోవచ్చు, కానీ మిగతావి తల్లి కంటికి తెలుస్తాయి. కళ్లు లోపలికి పోతాయి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా ముడతలాగా నిలబడుతుంది. బిడ్డ మత్తుగా పడి ఉంటుంది, తాగమన్నా తాగలేదు. 'ఇందాకటి దాకా ఏడ్చింది, ఇప్పుడు నిద్రపోయింది, కాస్త నయం' అని మనం ఊపిరి పీల్చుకునే ఘడియే గండం ఘడియ కావచ్చు. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. పిల్లల్లో బీపీ ఆఖరున పడిపోతుంది. బీపీ బాగానే ఉందని చెప్పినంత మాత్రాన గండం తప్పిందని కాదు.

ఇక దారుల సంగతి. మన ఊళ్లలో వైద్యం అంటే సెలైను. బిడ్డకు నీరసం అనగానే ఆరెంపీ డాక్టరు దగ్గరికి వెళ్లి 'ఒక బాటిల్ ఎక్కించండి' అంటాం. పైన వేలాడే సీసా, దాని నుంచి దిగే చుక్కలు కంటికి కనిపిస్తేనే మనకు తృప్తి. పొడి ప్యాకెట్ చేతికిచ్చి పంపిస్తే 'మందే ఇవ్వలేదు' అనుకుంటాం. ఈ మోజుకు కొంత న్యాయం ఉంది, ఎందుకంటే సెలైను నిజంగానే గొప్ప సాధనం. 1832లో స్కాట్లాండ్‌లో కలరా చెలరేగినప్పుడు థామస్ లట్టా అనే వైద్యుడు ఉప్పునీటిని నేరుగా రోగి నరంలోకి ఎక్కించాడు. ప్రాణం పోతుందనుకున్న మనిషి తేరుకుంది. అంతకుముందు ఏడాది కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, లవణాలు తగ్గిపోయాయని తేల్చినవాడు విలియం ఓషానెస్సీ. ఆయనే తర్వాత మన దేశానికి వచ్చి ఇక్కడ టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. షాక్‌లో ఉన్న బిడ్డకు నరం ద్వారా ద్రవం ఇవ్వడం నేటికీ ప్రధాన చికిత్సే. తీవ్రంగా నీరు పోయిన బిడ్డకు కిలోకు 100 మి.లీ. చొప్పున, అందులో మొదటి 30 మి.లీ. చాలా వేగంగా, మిగతా 70 మి.లీ. నెమ్మదిగా ఇస్తారు. ఏడాది నిండని పసివాళ్లకు మొత్తం ఆరు గంటల్లో, అంతకన్నా పెద్ద పిల్లలకు మూడు గంటల్లో పూర్తి చేస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, నరం ఎప్పుడు అత్యవసరమో అప్పుడే అది దొరకదు. నీరు పోయిన ఒంట్లో నరాలు గాలి పోయిన సైకిల్ ట్యూబులా అణిగిపోతాయి. బొద్దుగా ఉన్న పసిచేతిలో మామూలప్పుడే నరం కనిపించదు, అలాంటప్పుడు ఇంకేం కనిపిస్తుంది? ఒక చెయ్యి, రెండో చెయ్యి, పాదం, తల అంటూ పొడుస్తూ పోతుంటే నిమిషాలు కరిగిపోతాయి. అందుకే మిగతా దారులు తెలిసి ఉండాలి.

మొదటిది నోరు. ఓ.ఆర్.ఎస్. గురించి వినని తల్లి ఇక్కడ ఉండదు. అయినా దాని బలం ఎంతో మనలో చాలామందికి తెలియదు. వట్టి నీళ్లు తాగిస్తే విరేచనాలవుతున్న పేగు సరిగా పీల్చుకోదు. వట్టి ఉప్పునీళ్లదీ అదే గతి. ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్లలో కలిసినప్పుడు మాత్రం పేగు గోడలోని ఒక ద్వారం రెంటినీ జతగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వస్తుంది. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా ఈ ద్వారం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఈ సూత్రం మీద కలకత్తాలో, ఢాకాలో ఎందరో శ్రమించారు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ తమ బెంగాలీ సహచరులతో కలిసి కలరా రోగుల మీద దీన్ని పరీక్షించి చూపించారు. అసలు పరీక్ష 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ విమోచన యుద్ధంలో లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా విరుచుకుపడింది. ఆసుపత్రి నేల మీద కాలు పెట్టడానికి చోటు లేనంతగా రోగులు. సెలైను సీసాలు అయిపోవస్తున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా కలిపి పెద్ద డ్రమ్ముల్లో నింపించారు. రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. నర్సులు చాలని చోట నర్సుల పని చేసింది తల్లులు, అన్నదమ్ములు, ఇరుగుపొరుగులే. 2022లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

కాబట్టి బిడ్డ మెలకువగా ఉండి తాగగలిగితే నోరే మొదటి దారి. విరేచనాలు మొదలైన మొదటి గంట నుంచే ఇది సాగితే చాలామంది పిల్లలు షాక్ దాకా పోనే పోరు. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసువారికి 100 నుంచి 200 మి.లీ. ఇవ్వాలి. గ్లాసు ఎత్తి గటగటా పోస్తే వాంతి అవుతుంది. పసిబిడ్డకు నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున ఇవ్వాలి. వాంతి అయితే మానేయకూడదు. పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. డాక్టరు ఇచ్చిన జింకు బిళ్లలు విరేచనాలు తగ్గినా 14 రోజులూ వాడాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లే కలపాలి, అదనంగా చక్కెర వేయకూడదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు ఫోన్ చేసి బయలుదేరాక కూడా, బిడ్డ తాగగలిగినంత కాలం చెంచాతో ఇస్తూనే ఉండాలి. ప్రయాణం సాగుతుంటే వైద్యం ఆగాలని ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఓ.ఆర్.ఎస్. అనే మూడక్షరాలు పేరులో పెట్టుకున్న తీపి పానీయాలు కొన్నేళ్లపాటు మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ. చక్కెర ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. లీటరుకు కలిపే ఆ ప్యాకెట్‌లో పొడి మొత్తం 20.5 గ్రాములు ఉంటుంది.

రెండో దారి ముక్కు గొట్టం. బిడ్డ తాగలేకపోతోంది, నరం పెట్టగలిగే చోటు అరగంట దూరంలో కూడా లేదు అనుకోండి. శిక్షణ ఉన్న నర్సు సన్నని మెత్తని గొట్టాన్ని ముక్కు గుండా కడుపులోకి పంపి, దాని ద్వారా ఓ.ఆర్.ఎస్.నే గంటకు కిలోకు 20 మి.లీ. చొప్పున ఆరు గంటలపాటు ఇవ్వవచ్చు. పది కిలోల బిడ్డకు గంటకు 200 మి.లీ. అన్నమాట. పొట్ట ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా వేగం తగ్గిస్తారు. దీనికి సీసా అక్కరలేదు, సూది అక్కరలేదు. ఉండాల్సిందల్లా గొట్టం, ప్యాకెట్, అది వేయడం తెలిసిన చెయ్యి. కానీ ముక్కులో గొట్టం అనగానే ఇంట్లో పెద్దవాళ్లు బెదిరిపోతారు. ఆఖరి దశలో ఉన్నవాళ్లకే అది వేస్తారని మనలో ఒక అపోహ పాతుకుపోయింది. అది ఆఖరి దశకు గుర్తు కాదు, ఆ దశ రాకుండా ఆపే సాధనం.

మూడో దారి ఎముక. ఇది వినగానే ఒళ్లు జలదరిస్తుందని మాకు తెలుసు. అందుకే కాస్త నిదానంగా చెబుతాం. నల్లి ఎముకను తడితే లోపల నుంచి మూలుగ రావడం మన వంటిళ్లలో అందరూ చూసిందే. బతికి ఉన్న ఎముకలో ఆ మూలుగ నిండా సన్నని రక్తనాళాల వల ఉంటుంది. అది గుండెకు వెళ్లే పెద్ద నరాలతో కలిసి ఉంటుంది. చేతి నరం అణిగిపోయినా ఈ వల అణగదు, చుట్టూ ఎముక గోడ నిలబెట్టి ఉంచుతుంది. అందుకే మోకాలి కింద, కాలి ముందరి ఎముక లోపలివైపు చదునుగా ఉండే చోట ప్రత్యేకమైన సూది దించి సెలైను ఇస్తారు. అలవాటైన చేతికి ఇది ఒకటి రెండు నిమిషాల పని. నరంలో ఇచ్చే ద్రవాలు, మందులు, రక్తం కూడా ఈ దారిన ఇవ్వవచ్చు, అంతే త్వరగా గుండెకు చేరతాయి. నరం కోసం మూడుసార్లు ప్రయత్నించినా, ఒకటిన్నర నిమిషం గడిచినా దొరకకపోతే ఎముకకు వెళ్లాలన్నది వైద్యులు చాలాకాలం పాటించిన నియమం. ఇప్పుడు ప్రాణాపాయం ఉంటే అంతసేపు కూడా ఆగనక్కరలేదంటున్నారు.

ఇది నిన్నమొన్న పుట్టిన పద్ధతి కాదు. 1922లోనే అమెరికాలో సిసిల్ డ్రింకర్ ఎముక మూలుగలోని రక్తప్రసరణను పరిశోధించాడు. 1940 దశకంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని బాగా వాడారు. తర్వాత ప్లాస్టిక్ సూదిగొట్టాలు వచ్చాక మరుగున పడింది. మళ్లీ వెలుగులోకి రావడానికి కారణం మన దేశమే. జేమ్స్ ఓర్లోవ్‌స్కీ అనే అమెరికా పిల్లల వైద్యుడు ఇక్కడ కలరా రోజుల్లో ఎముక ద్వారా సెలైను ఇచ్చి ప్రాణాలు నిలపడం చూశాడు. తిరిగి వెళ్లి 1984లో తమ వైద్య పత్రికలో, మనం దీన్ని ఎందుకు మరిచిపోయామని గట్టిగా రాశాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే పిల్లల అత్యవసర చికిత్స పాఠ్యక్రమాల్లో అది స్థిరపడింది. మన వార్డుల్లో లేమితో చేసిన పని ప్రపంచానికి పాఠమైంది.

ప్రమాదాలు లేవా అంటే ఉన్నాయి. విరిగిన ఎముకలో పెట్టకూడదు. సూది జారితే ద్రవం కండలోకి చేరి కాలు వాస్తుంది, కనిపెట్టి ఉండాలి. ఎముకకు చీము పట్టే అవకాశం ఉంది, అయితే అది నూటికి ఒకరికన్నా తక్కువ. నరం దొరకగానే, ఎలాగూ 24 గంటల లోపల, సూదిని తీసేస్తారు. బిడ్డ మెలకువగా ఉంటే నొప్పి తెలియకుండా మందు ఇస్తారు. దీనివల్ల బిడ్డ కుంటిదవుతుందేమో, ఎదుగుదల ఆగుతుందేమో అని భయపడే పెద్దలున్నారు. ఎదుగుదల జరిగే భాగాన్ని తప్పించి, దాని కిందుగా సూది దించడమే ఈ పద్ధతిలో నేర్పే మొదటి పాఠం. రేపెప్పుడైనా ఒక డాక్టరు బయటికి వచ్చి 'నరం దొరకడం లేదు, ఎముకలో పెడతాం' అంటే, 'మామూ వచ్చాక చెబుతాం, నానీని అడిగి చెబుతాం' అని ఆలస్యం చేయకండి. ఆ మాటలాడుకునే ఐదు నిమిషాలే బిడ్డకు మిగిలి ఉండొచ్చు.

ఇన్ని దారులు చెప్పాం కదా అని, ఎంత ఎక్కువ ద్రవం పోస్తే అంత మంచిదనుకోవద్దు. 2011లో కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో మూడు వేలకు పైగా పిల్లల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధన వైద్యలోకాన్నే ఆలోచనలో పడేసింది. వాళ్లు తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి ఆసుపత్రికి వచ్చిన పిల్లలు, విరేచనాల పిల్లలు కారు. వేగంగా ద్రవం ఎక్కించినవారిలో 48 గంటల్లో మరణాలు సుమారు 10.5 శాతం, అలా ఎక్కించనివారిలో 7.3 శాతం. అంటే నీరు పోయినందువల్ల వచ్చిన షాక్ వేరు, జ్వరంతో వచ్చేది వేరు. డెంగీలో అయితే గంట గంటకూ కొలిచి ఇస్తారు. బాగా బక్కచిక్కిన పిల్లల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఇవన్నీ తేల్చేది శిక్షణ పొందిన వైద్యుడే. 'ఇంకో బాటిల్ పెట్టండి' అని మనం ఒత్తిడి చేయకూడదు. సెలైను నీళ్లలా కనిపించినా అది మందే.

ఉపాధ్యాయులుగా మాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పి ముగిస్తాం. 1980 నుంచి 1990 వరకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఇంటింటికీ కార్యకర్తలను పంపింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, కొలిచిన నీళ్లు. తల్లి చేతనే కలిపించి చూసేవారు. చెప్పి వెళ్లిపోవడం కాదు, కొన్నాళ్ల తర్వాత వేరే బృందం వచ్చి కొందరు తల్లులను ప్రశ్నలడిగేది, మళ్లీ కలిపించి చూసేది. తల్లులకు ఎంత బాగా గుర్తుంటే నేర్పినవారికి అంత వేతనం. అలా కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు చేరారు. ఆడవాళ్లకు చెబితే చాలదని గ్రహించి, మగవాళ్లకు బజార్లలో, బడుల్లో, మసీదుల దగ్గర చెప్పారు. నేర్పామా అన్నది కాదు, నేర్చుకున్నారా అన్నదే లెక్క. బీఈడీలో మేము చదువుకున్న సూత్రం ఇదే. దాన్ని జీతానికి ముడిపెట్టి అమలు చేసినవారిని చూస్తే మాకు గౌరవం కలుగుతుంది.

దాతలారా, ఈ విషయంలో డబ్బు ఎక్కడ పనిచేస్తుందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. దానం అనగానే మన దృష్టి పెద్ద వస్తువు మీదికి పోతుంది. దాని మీద పేరు రాయించుకోవచ్చు, ఫొటో దిగవచ్చు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మీద పేరు రాయలేం. ఒక నర్సమ్మ ముక్కు గొట్టం వేయడం నేర్చుకుంటే దానికి శిలాఫలకం ఉండదు. ఎముక సూది కొనిచ్చి, దాన్ని వాడే శిక్షణకు ఖర్చు పెట్టకపోతే అది డబ్బా విప్పకుండానే తుప్పు పడుతుంది. కొన్న ప్రతి వస్తువు వెనుక దాన్ని వాడగలిగే చెయ్యి ఉందా అని అడగండి. వానాకాలం రాకముందే మన వాడల్లో ప్యాకెట్లు చేరాయా, గడువు తేదీ చూశారా, తల్లులు కలిపి చూపించగలుగుతున్నారా అని అడగండి. అడిగే దాత ఉన్న చోట పని నిక్కచ్చిగా జరుగుతుంది.

ఇంటికి వెళ్లాక ఒక్క పని చేయండి. మీ ఇంట్లో లీటరు నీళ్లు పట్టే గిన్నె ఏదో కొలిచి చూసి, దాని మీద గీత గీసి పెట్టుకోండి. ఒక ప్యాకెట్ దాని పక్కనే ఉంచండి. ఇంట్లో మగవాళ్లకు, నానీకి, దాదీకి అది ఎక్కడుందో చూపించండి. బిడ్డకు అవసరమైన రాత్రి వెతుక్కోవాల్సిన పని ఉండకూడదు.